వేళ్ళతో ఉరికంబం

మతం పేరుతో మనుషుల్ని చంపిన కథను పాటలతో, నవ్వులతో ఆడతారా అని నన్ను చాలామంది అడిగారు. కొందరు కుతూహలంతో, కొందరు కోపంతో. మా నాన్నగారు మాత్రం ఫోనులో ఒక్కటే అడిగారు: "జనం ఏమన్నారమ్మా?" నాటకాల ఊళ్ళో పుట్టినవాళ్ళకు ముందుగా తట్టే ప్రశ్న అదే. దానికి ఫోనులో చెప్పలేనంత జవాబు ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది తెనాలి. మా తాతయ్య పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె నాకు వచ్చింది. రంగస్థల కళ చదవడానికి ఇంగ్లండు వచ్చి, చదువు పూర్తయ్యాక యార్క్‌లో ఒక చిన్న బృందంలో చేరాను. ఈ బృందంలో రచయిత అంటూ ఎవరూ ఉండరు. ఒక విషయం ఎంచుకుంటాం, దొరికినంత చదువుతాం, గదిలో నిలబడి ఆడి చూస్తాం. నిలిచింది ఉంచి, నిలవనిది తీసేస్తాం. నటులు, వాద్యగాళ్ళు, దర్శకురాలు అందరూ కలిసి కట్టుకునే నాటకం ఇది. రాతప్రతి చిట్టచివర తయారవుతుంది, అదీ స్థిరంగా ఉండదు. ఒక ప్రదర్శన తరువాత టీ తాగుతూ ఎవరో అన్న మాట మరుసటి ప్రదర్శనలో ఒక సన్నివేశాన్ని మార్చేస్తుంది. అందువల్ల మా నాటకం ఎలా తయారైందో చెప్పాలంటే ప్రేక్షకులు ఏమన్నారో చెప్పాల్సిందే.

మేము ఎంచుకున్న మనిషి మార్గరెట్ క్లిథరో. యార్క్‌లో షాంబుల్స్ అనే ఇరుకు వీధి ఉంది. ఒకప్పుడు అంతా మాంసం దుకాణాలే. పై అంతస్తులు రెండు వైపుల నుంచీ ముందుకు వాలి, మధ్యలో ఆకాశం సన్నని పట్టీలాగా కనిపిస్తుంది. మార్గరెట్ భర్త జాన్ అక్కడి మాంసం వర్తకుడు. 1571లో వారి పెళ్ళి అయింది. మూడేళ్ళ తరువాత ఆమె కాథలిక్ మతంలో చేరింది. జాన్ మాత్రం రాణిగారి ప్రొటెస్టంట్ చర్చిలోనే ఉండిపోయి, భార్య చర్చికి రానందుకు పడే జరిమానాలు కడుతూ వచ్చాడు.

ఆ జరిమానాల సంగతి చెప్పకపోతే మా హాస్యం అర్థం కాదు. ఎలిజబెత్ రాణి గద్దెనెక్కాక 1559లో వచ్చిన చట్టం ప్రకారం ఆదివారం ప్రభుత్వ చర్చికి వెళ్ళనివారికి 12 పెన్నీల జరిమానా. 1581లో అది నెలకు 20 పౌన్లు అయింది. కూలి చేసుకునే మనిషి ఏడాది పొడుగునా కష్టపడినా అంత సొమ్ము కళ్ళచూడడు. 1585లో ఇంకో అడుగు ముందుకు వేశారు. విదేశాల్లో గురుపట్టం పొందిన కాథలిక్ గురువు ఇంగ్లండులో కనిపించడమే రాజద్రోహం, అతనికి ఇంట్లో చోటిచ్చినవారికి మరణశిక్ష అన్నారు. మార్గరెట్ చోటిచ్చింది. 1586 మార్చి 10న ఆమె ఇంటిని సోదా చేశారు. ఆ ఇంట్లో ఉన్న ఒక ఫ్లెమిష్ కుర్రవాణ్ణి బట్టలు విప్పించి, కొరడా చూపించి బెదిరిస్తే, వాడు భయపడి గురువులు దాగే గది ఎక్కడుందో చూపించాడు. కోర్టులో ఆమె నేరం ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. తాను చేసిన తప్పేదీ లేదు కనుక విచారణ అక్కర్లేదన్నది. విచారణంటూ జరిగితే సొంత పిల్లలనే తల్లి మీద సాక్ష్యానికి పిలుస్తారని ఆమెకు తెలుసు. అలా విచారణకు ఒప్పుకోనివారిని బరువుల కింద అణచాలన్నది అప్పటి చట్టం. మార్చి 25న ఊజ్ నది వంతెన మీది సుంకాల గదిలో ఆమెను పడుకోబెట్టి, వీపు కింద పిడికెడంత పదునైన రాయి పెట్టి, పైన తలుపు పరిచి, దాని మీద 350 కిలోలకు పైబడిన బరువు వేశారు. పావుగంటలో ప్రాణం పోయింది. వయసు ముప్పై అటూ ఇటూ.

ఇందులో నవ్వడానికి ఏముంది?

మొదటి వారాల్లో మా గదిలోనూ ఇదే ప్రశ్న. దారి చూపించింది యార్క్ నగరమే. మధ్యయుగంలో ఇక్కడ వృత్తి సంఘాలవారు సృష్టి మొదలుకొని అంతిమ తీర్పు దాకా బైబిలు కథలను బండ్ల మీద, వీధి వీధినా ఆడేవారు. సిలువ వేసే ఘట్టం మేకులు, సూదులు చేసేవారిది. అందులో నలుగురు సైనికులు పని చేస్తూ సణుగుతూ ఉంటారు. సిలువ బరువంటాడు ఒకడు. చిల్లులు దూరంగా పడ్డాయి, చెయ్యి అందడం లేదంటాడు ఇంకొకడు. చివరికి తాళ్ళు కట్టి ఆ చేతిని లాగుతారు. జనం ఆ పనివాళ్ళ గొణుగుడుకు నవ్వుతారు, ఆ నవ్వు పూర్తికాక ముందే సిలువ లేస్తుంది. క్రీస్తు మరణ ఘట్టం మాంసం వర్తకుల సంఘానిది, అంటే జాన్ క్లిథరో వృత్తివారిది. 1569 తరువాత ఈ ప్రదర్శనలు ఆగిపోయాయి. అప్పటికి మార్గరెట్ పదమూడేళ్ళు పైబడిన పిల్ల. 1951లో మళ్ళీ మొదలుపెట్టారు. హింస చేసేవాడి చేతగానితనాన్ని చూసి నవ్వడం ఈ ఊరికి ఇవాళ్టి అలవాటు కాదని తెలిశాక మాకు ధైర్యం వచ్చింది.

పైగా మార్గరెట్‌ను అణచినవాళ్ళు కూడా నలుగురే. శిక్ష అమలు చేయవలసింది షెరీఫులు. వాళ్ళ తరఫున ఆ పని సార్జెంట్లకు వచ్చింది. సార్జెంట్లు తమ చేతులతో చేయలేక నలుగురు బిచ్చగాళ్ళను కూలికి మాట్లాడుకొచ్చారు. చంపాలని నిర్ణయించినవాడికీ రాయి ఎత్తినవాడికీ మధ్య ఎన్ని చేతులు! ఆ చేతులు మారడమే మా నాటకంలో పెద్ద హాస్య సన్నివేశం అయింది. షెరీఫు సార్జెంటుకు చెబుతాడు, సార్జెంటు బిచ్చగాడితో బేరమాడతాడు, బిచ్చగాడు పని ఏమిటని అడిగితే "కాస్త బరువు మోయాలి" అంటారు. ఈ సన్నివేశానికి ఎక్కడ ఆడినా ఆఫీసుల్లో పనిచేసేవారే అందరికంటే గట్టిగా నవ్వారు. ఎందుకో వాళ్ళకు తెలుసు.

నా వంతుగా నేను తెచ్చింది బుర్రకథ పద్ధతి. మధ్యలో కథకుడు, ఒక పక్క లోకరీతిని ప్రశ్నించే రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత. ఏ ఘోరం చెబుతున్నా ఆ మూడు గొంతులూ పక్కపక్కనే ఉంటాయి. ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ వంటివారు ఈ ముగ్గురితోనే కరవు గురించి, దొరల గురించి ఊరూరా చెప్పారు. ప్రభుత్వాలు నిషేధించాల్సినంత పదును ఆ కథల్లో ఉండేది. మా వాళ్ళకు చేసి చూపించాను. ఐర్లండ్ నుంచి వచ్చిన నటి హాస్య వంత తీసుకుంది. బాణీలు నేనే కట్టాను. నాకు మోహన రాగం చిన్నప్పటి నుంచీ ఇష్టం. అందులోని అయిదు స్వరాలు ఇక్కడి జానపద పాటల్లోనూ వినిపిస్తాయి కాబట్టి వీళ్ళ చెవికి కొత్తగా ఉండదు. నడక తిశ్రం, అంటే మూడేసి మాత్రల తాళం. కాలు ఊరుకోదు, చేయి దానంతట అదే చప్పట్లు వేస్తుంది.

ఆ బాణీలో మొదటి పాట బలిపీఠం పాట. ప్రొటెస్టంట్ అయిన ఎడ్వర్డ్ రాజు కాలంలో చర్చిలోని రాతి బలిపీఠం తీసి చెక్క బల్ల పెట్టమన్నారు. 1553లో కాథలిక్ అయిన మేరీ రాణి వచ్చి, బల్ల తీసి బలిపీఠం తెమ్మన్నది. 1558లో ఎలిజబెత్ వచ్చాక మళ్ళీ బల్ల. పదేళ్ళు తిరగకుండా ఒకే చర్చిలో ఒకే మనిషి వాటిని మోసి ఉంటాడు. మా పాటలో చర్చి లెక్కలు రాసే గుమాస్తా, ఇద్దరు కూలీలు బల్లను బయటికీ లోపలికీ మోస్తుంటారు. ప్రతిసారీ గుమాస్తా ఖర్చు రాసుకుంటాడు. చరణం చరణానికీ వేగం పెరుగుతుంది.

మొదటిసారి ఒక పబ్బు పైనున్న గదిలో, స్నేహితులను, తెలిసినవారిని పిలిచి ఆడాం. బలిపీఠం పాటకు గది ఊగిపోయింది. చివరి ఘట్టానికి దీపాలు నీలంగా మారి, వయొలిన్ మీద నెమ్మదిగా ఒక శోకగీతం మొదలైంది. చాలా శ్రద్ధగా సాధన చేసిన పాట అది. గదిలో దగ్గులు వినిపించాయి. కుర్చీలు కదిలాయి. అయిపోయాక రిటైరైన బడిపంతులు ఒకాయన మా దర్శకురాలి దగ్గరికి వచ్చి, "గంటసేపు నన్ను నమ్మారు. చివరి అయిదు నిమిషాలు ఇక ఏడవమని ఆజ్ఞ వేశారు" అన్నారు. ఆ మాటలో కటువు లేదు. మేలు కోరి చెప్పిన మాట.

ఆ తరువాత ఆ ఘట్టం మీద చాలా రోజులు కొట్టుకున్నాం. పాట మొత్తం తీసేసి నిశ్శబ్దంగా చేద్దామని ఒకరు, కేవలం మాటలతో చేద్దామని ఇంకొకరు. బుర్రకథలో వీరుడు పడిపోయేటప్పుడు కూడా వంతలు వాళ్ళ తాళం వదలరు కదా అని నాకు అనిపించింది. అందుకని శోకగీతం వద్దు, బలిపీఠం పాట బాణీనే ఉంచుదాం అన్నాను. అదే మోహన, అదే తిశ్రం, అదే గుమాస్తా. అక్కడ బల్ల మోత ఖర్చులు రాసినవాడు ఇక్కడ ఒక్కొక్క రాయి బరువు రాస్తాడు. దీపాలు మార్చం. ప్రేక్షకులకు ఏ సైగా ఇవ్వం.

నేను హార్మోనియంతో వేదికకు ఒక అంచున కూర్చుంటాను. అక్కడి నుంచి ముందు వరుసలవారి చేతులు, మోకాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. కొత్త రూపంలో మొదటిసారి ఆడిన రోజు బాణీ మొదలవగానే అలవాటుగా చప్పట్లు వచ్చాయి. గుమాస్తా మొదటి రాయి రాశాడు. చప్పట్లు సాగుతూనే ఉన్నాయి. రెండో రాయికి ముందు వరుసలో ఒకావిడ అరచేతులు కలవబోయి అంగుళం దూరంలో ఆగిపోయాయి. ఆమె వాటిని అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఎడమవైపు ఒక కుర్రాడు ఇంకా చప్పట్లు కొడుతున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆపేశారని గమనించి చేతులు తొడల కింద దోపుకున్నాడు. వెనక ఎక్కడో ఒక్క జత చప్పట్లు మాత్రం చాలాసేపు వినిపించాయి, ఆ తరువాత అవీ ఆగాయి. నేను వాయిస్తూనే ఉన్నాను. ఆ హుషారైన బాణీ ఇక వేదిక మీదున్న మాదే అయిపోయింది. గదిలో ఎవరూ దాన్ని పంచుకోవడం లేదు. చివర్లో మార్గరెట్ తన టోపీ భర్తకు ఇమ్మని, మేజోళ్ళూ బూట్లూ కూతురు ఆన్‌కు ఇమ్మని పంపుతుంది. ఇది చరిత్రలో ఉన్నదే. హాస్య వంత ఆ బూట్లు తీసుకుని గుమాస్తా బల్ల మీద పెడుతుంది. అతను వాటినీ రాసుకోబోయి ఆగుతాడు. ఆ ఆగడం కూడా మేము వేదిక మీద అప్పటికప్పుడు ప్రేక్షకుల నుంచి నేర్చుకున్నదే.

అప్పటి నుంచి నా నమ్మకం ఇది. నవ్వించినందుకు ప్రేక్షకులు మమ్మల్ని ఎన్నడూ తప్పుపట్టలేదు. ఎక్కడ నవ్వు ఆపాలో తమకు తెలియదన్నట్టు మేము ప్రవర్తించినప్పుడే నొచ్చుకున్నారు. బడిపంతులుగారు చెప్పిందీ అదే.

అయితే ప్రెస్టన్‌లో ఎదురైన అభ్యంతరం వేరు. లాంకషైర్‌లో తరతరాలుగా కాథలిక్కులుగా నిలబడిన కుటుంబాలు ఎక్కువ. ఆ హాల్లో వయసు మళ్ళినవారే ఎక్కువమంది. సోదా సన్నివేశంలో గోడలు లోపలా బయటా కొలిచి, లెక్క తేడా వచ్చినచోట తట్టి చూసే భటులకు బాగా నవ్వారు. ఇద్దరు దాగినచోట ఒక్క ఆపిల్‌తో గడిపే పాటకు ఇంకా నవ్వారు. అది కూడా కట్టుకథ కాదు. 1606 జనవరిలో హిండ్లిప్ భవనం సోదా చేసినప్పుడు, దాగే గదులు కట్టడంలో అంతటి నేర్పరి అయిన నికొలస్ ఓవెన్, అతని తోటి రాల్ఫ్ ఆష్లీ ఇద్దరికీ కలిపి ఒక్క ఆపిల్ ఉంది. రోజుల తరబడి దానితోనే ఉండి, ఆకలికి ఆగలేక బయటికి వచ్చారు. ఓవెన్ లండన్ టవర్‌లో చిత్రహింసల్లో చనిపోయాడు. ఎవరి పేరూ చెప్పలేదు.

విరామంలో ఒక పెద్దావిడ వెళ్ళిపోయారు. రెండు రోజుల తరువాత మాకు ఉత్తరం రాశారు. చక్కని దస్తూరీ. భటులను చూసి తాను నవ్వలేదని కాదు, నవ్వానని రాశారు. "కానీ మార్గరెట్ నాకు పాత్ర కాదు. నేను రోజూ ఆమెను ప్రార్థిస్తాను. చుట్టూ అంతమంది నవ్వుతుంటే ఆమె ఒక్కతే బొమ్మలా నిలబడి ఉంది. అది చూడలేకపోయాను." ఇదీ ఆ ఉత్తరం సారాంశం.

ఆ ఉత్తరం బృందమంతా కూర్చుని చదివాం. మార్గరెట్ మీద ఒక్క జోకు కూడా పడకూడదన్నది మేము మొదటి నుంచీ పెట్టుకున్న కట్టుబాటు. గౌరవం అనుకుని చేసిన ఆ పనే ఆమెను రాతి విగ్రహంగా నిలబెట్టిందని ఆ ఉత్తరం చెప్పింది. అప్పుడు మళ్ళీ చరిత్ర దగ్గరికే వెళ్ళాం. ఆమె పాపాల ఒప్పుకోళ్ళు విన్న కాథలిక్ గురువు జాన్ మష్, ఆమె చనిపోయాక ఆమె జీవితాన్ని రాసి ఉంచాడు. మష్ చూపే మార్గరెట్ సరదా మనిషి. జైల్లోనే చదువు నేర్చుకుంది. ఆఖరి రోజుల్లో యార్క్ కోటలో ఉన్నప్పుడు హాలుకు అవతలివైపు కాథలిక్ ఖైదీలు ముప్పై అయిదుగురు ఉండేవారు. వాళ్ళను సంతోషపెట్టి వెళ్తానని కిటికీ దగ్గరికి వచ్చి, తన వేళ్ళతో ఉరికంబం బొమ్మ కట్టి వాళ్ళకు చూపించి, హాయిగా నవ్విందట.

దర్శకురాలు ఈ వాక్యం చదివినప్పుడు ఎవరమూ మాట్లాడలేదు. మేము నెలలుగా ఆడుతున్న నాటకంలో అందరికంటే సాహసమైన హాస్యం చావబోయే మనిషిదే, దాన్ని మేము ఆమె చేతిలో పెట్టనే లేదు.

ఆ సైగ చూపుడు వేళ్ళతోనా, బొటనవేలు కలిపా అని మా నటి ఎన్నోసార్లు చేసి చూసింది. చివరికి ఒక చేతి చూపుడువేలు నిలువుగా, దాని మీద రెండో చేతి చూపుడువేలు అడ్డంగా, ఆ చివర నుంచి చిటికెన వేలు కిందికి వేలాడుతూ. చాలా చిన్న బొమ్మ. చివరి వరుసకు కనిపిస్తుందా అన్న బెంగ ఉండేది. కనిపించింది. సంగీతం లేదు, నేను చేతులు ఒడిలో పెట్టుకుంటాను. ఆమె ప్రేక్షకులనే ఆ ముప్పై అయిదుగురు ఖైదీలుగా భావించి, కిటికీ తెరిచినట్టు చేసి, వేళ్ళు చూపించి నవ్వుతుంది.

ఆ సైగకు వచ్చిన స్పందన ఊరికొక రకంగా ఉంది. ఒకచోట అందరూ ఒక్కసారిగా నవ్వారు, వెంటనే కొందరు నోటి మీద చేయి వేసుకున్నారు. ఇంకోచోట ఎవరూ నవ్వలేదు, కానీ ఒకాయన తన వేళ్ళతో అదే బొమ్మ కట్టి ఆమెకు తిరిగి చూపించారు. మా నటి ఆయనకు తల ఊపింది. అది అభ్యాసం చేసింది కాదు. ఉత్తరం రాసిన ఆవిడకు ఈ మార్పు సంగతి తెలియజేశాం. ఆమె వచ్చి చూశారు. టీ దగ్గర ఎక్కువ మాట్లాడలేదు. మా నటి చేయి పట్టుకుని, "ఇప్పుడు గుర్తుపట్టాను" అన్నారు.

బడిపిల్లలకు ఆడినప్పుడు జరిగింది క్లుప్తంగా చెబుతాను. రాళ్ళ ఘట్టంలో కొందరు పిల్లలు చివరి దాకా చప్పట్లు కొట్టారు, వాళ్ళ టీచరుకు కోపం వచ్చింది. తరువాతి మాటల్లో ఒక పాప, "పాట ఆగలేదు కాబట్టి మేమూ ఆగలేదు" అన్నది. ఆ నలుగురు బిచ్చగాళ్ళు కూడా దాదాపు ఇదే చెప్పి ఉంటారు. ఆపిల్ గింజలు కూడా తినేశారా అని అడిగిన పిల్లలున్నారు. కానీ అందరినీ పట్టుకున్నది ఫ్లెమిష్ కుర్రవాడు. వాడిని ద్రోహి అనకూడదని పిల్లలు పట్టుబట్టారు. పెద్దల సభల్లో ఎవరూ వాడి గురించి ఒక్క మాట అడగలేదు. పిల్లల వాదన విన్నాక, బెదిరింపు సన్నివేశంలో మిగిలిపోయిన రెండు నవ్వు మాటలు కూడా తీసేశాం.

లూయిస్‌లో ఆడటానికి మేము కొంచెం తటపటాయించాం. సస్సెక్స్‌లోని ఆ చిన్న పట్టణంలో 1555 నుంచి 1557 మధ్య, మేరీ రాణి కాలంలో, 17 మంది ప్రొటెస్టంట్లను సజీవంగా దహనం చేశారు. 1557 జూన్ 22న ఒక్క రోజే పదిమందిని, వారిలో ఇనుము వ్యాపారి రిచర్డ్ వుడ్‌మన్ కూడా ఉన్నాడు. ఏటా నవంబరు 5న ఊరేగింపులో వారి పేరున 17 మండే సిలువలు మోస్తారు. అలాంటి ఊళ్ళో ఒక కాథలిక్ అమరురాలి నాటకం.

వాళ్ళు బాగా నవ్వారు, చివర బాగా మౌనంగానూ ఉన్నారు. తరువాత ఒకాయన లేచి, "మా పదిహేడుగురి సంగతేమిటి? మీ గుమాస్తా మేరీ కాలంలో బల్ల మోసిన ఖర్చు రాశాడు. కట్టెల ఖర్చు ఎందుకు రాయలేదు?" అన్నారు. హాలులో కొందరు ఆయన్ను కూర్చోమన్నారు. ఇంకొకావిడ, ఇది మార్గరెట్ కథ, ప్రతి నాటకంలో అందరి లెక్కలూ తేల్చాలా అని అడిగారు. ఇద్దరూ ఒకే వరుసలో కూర్చున్నవారే. ఆ చర్చ హాలు తలుపులు మూసే వేళ దాకా సాగింది.

నాకు ఆయన మాటే సరైనదనిపించింది. సమతూకం కోసం కాదు. ఒకవైపు 17 అయితే ఇటు ఎంతమంది అని లెక్కపెట్టడం నాకు నచ్చదు. గుమాస్తా పాత్ర నిజం కావాలంటే అతను కట్టెలూ రాసి ఉండాలి. ఇద్దరు రాణులకూ అదే కలం, అదే సిరా. ఇప్పుడు బలిపీఠం పాట మూడో చరణంలో మేరీ రాణి వచ్చినప్పుడు బల్ల, కొవ్వొత్తులు, ధూపపాత్రల పక్కనే "కట్టెలు" అన్న పద్దు పడుతుంది. పాట వేగం తగ్గదు. చాలాచోట్ల ప్రేక్షకులు ఆ మాటను దాటిపోయి నవ్వుతూనే ఉంటారు, ఒకటి రెండు చోట్ల మాత్రం చటుక్కున ఆగుతారు. ఆ మాట విన్నవాళ్ళు రాళ్ళ ఘట్టంలో అందరికంటే ముందే చేతులు దించుతారని నేను గమనించాను.

ఇక మా నాన్నగారు వినాలని ఎదురుచూసిన సంగతి. లీడ్స్‌లో తెలుగు కుటుంబాలు ఉగాదికి కలుసుకున్నప్పుడు కొన్ని భాగాలు ఆడాం. మధ్యమధ్య కథను నేను తెలుగులో చెప్పాను, బుర్రకథ వరసలో. బలిపీఠం పాట ముగియగానే వెనక నుంచి ఒక పెద్దాయన గొంతెత్తి "వన్స్ మోర్!" అన్నారు. మా ఐరిష్ నటికి ఏమీ అర్థం కాలేదు, నా వైపు చూసింది. నాకు ఒళ్ళు పులకరించింది. తాతయ్య హార్మోనియం మీద అడిగిన వన్స్ మోర్ అది. పాట మొత్తం మళ్ళీ పాడాం. కొందరు పిల్లలు వేదిక ముందుకు వచ్చి ఆడారు.

తరువాత రాళ్ళ ఘట్టం వచ్చింది. అదే బాణీ. పిల్లల్ని తల్లులు వెనక్కి పిలుచుకున్నారు. అయిపోయాక ఆ పెద్దాయన నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి పక్కన కూర్చున్నారు. "అమ్మా, నేను వన్స్ మోర్ కొట్టిన పాటే కదా అది?" అన్నారు. అవునండీ అన్నాను. చాలాసేపు హార్మోనియం పెట్టె అంచు మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

ఫిరంగిపురం నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న ఒకామె, మార్గరెట్‌ను పునీతురాలిగా ప్రకటించారా అని అడిగింది. 1970లో ప్రకటించారు, నికొలస్ ఓవెన్‌ను కూడా అప్పుడే అన్నాను. "ఆ వేళ్ళ సంగతి మా చర్చిలో పిల్లలకు చెబుతాను" అంది. పక్కనే వింటున్న ఒకాయన, వరంగల్ వైపువారు, వేరే ప్రశ్న వేశారు. "వీళ్ళ చరిత్ర వీళ్ళు తవ్వుకుంటున్నారు, బాగుంది. బసవపురాణంలో శివభక్తుడు ఏకాంత రామయ్య కథ చదివారా మీరు? అబ్బలూరులో జైనుల బసదికి, అదే వాళ్ళ గుడికి, ఏం జరిగిందో పాల్కురికి సోమన ఎంత ఉత్సాహంగా చెప్పాడో! దాన్ని ఇలా ఆడగలరా? ఆడితే మన జనం ఎక్కడ నవ్వుతారు, ఎక్కడ ఆపుతారు?"

ఆ రాత్రి ఇంటికి వచ్చి నాన్నగారికి ఫోను చేసి ముందు వన్స్ మోర్ సంగతి, తరువాత ఈ ప్రశ్న చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఇంట్లో బసవపురాణం ఉంది, పంపిస్తానన్నారు. పుస్తకం వచ్చింది. ద్విపదలు పైకి చదివితే వాటి నడక నోటికి ఇట్టే పట్టుబడుతుంది. మొదట కూర్చుని వినిపించాల్సిన వాళ్ళ జాబితా ఒకటి రాసుకున్నాను. అందులో వీరశైవులున్నారు, జైనులున్నారు, ఆ వరంగల్ ఆయన ఉన్నారు. గుమాస్తా లాంటి మనిషి ఈ కథలో ఎవరో ఇంకా వెతుకుతున్నాను.